రేషన్ కార్డు కంప్యూటర్ కొట్టేస్తే ఎవరిని అడగాలి? డిజిటల్ గవర్నెన్స్ పీజీలో ఏం చదువుతారు.. ఎక్కడ చదవొచ్చు?

రేషన్, పింఛను, కుల ధ్రువీకరణ పత్రం, ఓటరు జాబితా.. ప్రభుత్వంతో మనకున్న పనుల్లో చాలావరకు ఇప్పుడు సర్వర్‌ను దాటే వెళ్లాలి. పని సాఫీగా జరిగితే ఎవరూ పట్టించుకోరు. మరి సర్వర్ తప్పు చేస్తే? "సిస్టమ్‌లో మీ పేరు లేదమ్మా" అని కౌంటర్‌లో అబ్బాయి చేతులెత్తేస్తే? ఆ తప్పు ఎవరిది, దిద్దాల్సింది ఎవరు, జవాబు చెప్పాల్సింది ఎవరు?

ఈ ప్రశ్నల చుట్టూ పుట్టిన చదువే ప్రజాస్వామ్యం - డిజిటల్ గవర్నెన్స్. ఎస్టోనియా, జర్మనీ, బ్రిటన్ లాంటి దేశాల్లో దీనికి పీజీ కోర్సులున్నాయి. మన దేశంలోనూ దగ్గరి కోర్సులు వచ్చాయి. బీటెక్ చేసినవాళ్లకీ, బీఏ చేసినవాళ్లకీ అవకాశం ఉన్న సబ్జెక్ట్ ఇది. పూర్తి వివరాలు చూద్దాం.

అసలేంటీ సబ్జెక్ట్?

ముందుగా ఓ తేడా తెలియాలి. ఈ-గవర్నెన్స్ వేరు, డిజిటల్ గవర్నెన్స్ వేరు.

ఈ-గవర్నెన్స్ అంటే తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1999లో హైదరాబాద్‌లో 'ట్విన్స్' పేరుతో బిల్లుల చెల్లింపు కేంద్రం మొదలైంది. 2001లో అదే ఈ-సేవ అయింది. 2011లో మీ సేవ వచ్చింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు ప్రారంభించింది. వీటన్నిటి లక్ష్యం ఒక్కటే.. క్యూ తగ్గాలి, ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పాలి.

డిజిటల్ గవర్నెన్స్ దగ్గరికొచ్చేసరికి ప్రశ్న మారుతుంది. ఎవరు అర్హులు, ఎవరు కాదు అనే నిర్ణయాన్నే సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంటే ఏం జరుగుతుంది? పౌరుడి డేటా ఎవరి చేతిలో ఉండాలి? ఓటు ఆన్‌లైన్‌లో వేయొచ్చా? అధికారి సంతకం పెడితే కోర్టులో నిలదీయొచ్చు. మరి అల్గారిథమ్‌ను నిలదీసేదెలా? ఇందులో రాజనీతి శాస్త్రం ఉంది, చట్టం ఉంది, కంప్యూటర్ సైన్స్ ఉంది, పరిపాలన ఉంది. ఏ ఒక్కటి తెలిసినా సరిపోదు.

పాఠం మన దగ్గరే ఉంది: సమగ్ర వేదిక

ఈ సబ్జెక్ట్ ఎందుకు అవసరమో చెప్పడానికి విదేశాల దాకా వెళ్లక్కర్లేదు. తెలంగాణలో జరిగింది చూస్తే చాలు.

ప్రభుత్వ శాఖల దగ్గరున్న డేటాను ఒకచోట కలిపే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను తెలంగాణ ప్రభుత్వం తయారు చేయించింది. వాహనం ఉందా, ఆస్తి ఉందా, కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది లాంటి వివరాలను పేరు, చిరునామా ఆధారంగా సాఫ్ట్‌వేర్ సరిపోలుస్తుంది. అనర్హులను ఏరేయడానికి రేషన్ కార్డుల విషయంలో దీన్ని వాడారు.

ఆలోచన మంచిదే. కానీ మన దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఊరికి పది మంది ఉంటారు. స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. దాంతో కారే లేని పేద కుటుంబానికి కారు ఉన్నట్టు సిస్టమ్ చూపించిన ఘటనలు బయటపడ్డాయి. 2024లో ఓ అంతర్జాతీయ మీడియా పరిశోధన వీటిని వెలుగులోకి తెచ్చింది.

లెక్కలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత దాదాపు 4.9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2022 జులై నాటికి వాటిలో 2.05 లక్షలు పరిశీలిస్తే 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే దాదాపు 7.5 శాతం.

శాతంలో చూస్తే చిన్న తప్పులా కనిపిస్తుంది. కానీ ఆ 15,471లో ప్రతి ఒక్కటీ ఒక కుటుంబం. ముందస్తు నోటీసు లేకుండానే కార్డు పోయిందని తెలిసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అంతేకాదు.. నాకు కారు లేదు అని నిరూపించుకోవాల్సిన భారం కూడా వాళ్ల మీదే పడింది. ఉన్నదానికి కాగితం చూపించొచ్చు. లేనిదానికి ఏ కాగితం చూపిస్తారు? డిజిటల్ గవర్నెన్స్ క్లాసులో మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఓటరు జాబితాలోనూ అదే సమస్య

2015లో ఎన్నికల సంఘం ఓటరు కార్డులను ఆధార్‌తో కలిపే కార్యక్రమం చేపట్టింది. ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అది ఆగింది. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు.. జాబితాలో పేర్లు లేవంటూ చాలామంది వెనక్కి వెళ్లారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. పేర్ల తొలగింపులో సాఫ్ట్‌వేర్ పాత్ర ఎంత అనే ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది.

రేషన్ అయితే ఆలస్యంగానైనా తిరిగి ఇవ్వొచ్చు. పోలింగ్ రోజు పోయిన ఓటును తిరిగి ఇచ్చేదెలా? ప్రజాస్వామ్యం, డిజిటల్ అనే రెండు మాటలు ఒకే కోర్సు పేరులోకి రావడానికి కారణం ఇదే.

ప్రపంచం నేర్చుకున్న మూడు చేదు పాఠాలు

ఈ కోర్సుల్లో తరచూ చర్చకు వచ్చే మూడు ఉదాహరణలు ఇవి.

నెదర్లాండ్స్: పిల్లల సంరక్షణ భత్యంలో మోసం చేశారంటూ అక్కడి పన్నుల శాఖ వేలాది తల్లిదండ్రుల మీద ముద్ర వేసింది. డబ్బంతా వెనక్కి కట్టమంది. రిస్క్ లెక్కగట్టే సిస్టమ్‌లో డచ్ పౌరసత్వం ఉందా లేదా అనేదాన్ని కూడా ఒక అంశంగా వాడారని తేలింది. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయి. 2021 జనవరి 15న మార్క్ రుట్టె ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది.

ఆస్ట్రేలియా: 'రోబోడెట్' పేరుతో పేరుమోసిన కుంభకోణం ఇది. సంక్షేమ సాయం తీసుకున్నవాళ్ల వార్షిక ఆదాయాన్ని సగటు తీసి, పక్షం పక్షానికి పంచేసి, ఎక్కువ తీసుకున్నారంటూ నోటీసులు పంపారు. సీజన్‌లో పని దొరికి, మిగతా నెలలు ఖాళీగా ఉండేవాళ్లకు ఈ లెక్క అసలు సరిపోదు. 2023 జులైలో రాయల్ కమిషన్ నివేదిక ఈ పథకంలో న్యాయమూ లేదు, చట్టబద్ధతా లేదని తేల్చింది.

బ్రిటన్: పోస్టాఫీసుల్లో 'హొరైజన్' అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కల్లో తేడాలు చూపించింది. డబ్బు తినేశారంటూ సబ్ పోస్ట్‌మాస్టర్ల మీద కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్లారు. తప్పు సాఫ్ట్‌వేర్‌దని ఒప్పుకొని, శిక్షలను కొట్టేయడానికి 2024లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

దేశాలు వేరు, పథకాలు వేరు. కానీ మూడింట్లోనూ జరిగింది ఒకటే. కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అయ్యుంటుందని అధికారులు నమ్మారు. బాధితుడు నోరు తెరిస్తే వినేవాళ్లు లేకపోయారు.

అందరూ ఎస్టోనియా పేరే ఎందుకు చెప్తారు?

ఈ సబ్జెక్ట్ గురించి ఎక్కడ వెతికినా ఎస్టోనియా పేరు వస్తుంది. జనాభా 14 లక్షల లోపే. అయినా డిజిటల్ పాలనలో ప్రపంచానికి నమూనాగా చూపిస్తారు.

2001లో 'ఎక్స్-రోడ్' అనే డేటా మార్పిడి వ్యవస్థ వచ్చింది. ఇందులో డేటా అంతా ఒకేచోట కుప్పగా పోయరు. ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది. అవసరమైనప్పుడు సురక్షితమైన దారిలో అడిగి తీసుకుంటారు. 2002లో డిజిటల్ ఐడీ కార్డు వచ్చింది. తన వివరాలను ఏ అధికారి చూశారో పౌరుడు లాగిన్ అయి తెలుసుకునే సదుపాయం ఉంది. ప్రభుత్వం పౌరుడిని చూస్తుంది సరే, పౌరుడు కూడా ప్రభుత్వాన్ని చూడగలడన్నమాట.

2005 స్థానిక ఎన్నికల్లో దేశవ్యాప్తంగా ఇంటర్నెట్ ఓటింగ్ మొదలుపెట్టారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో పోలైన ఓట్లలో సగానికి పైగా ఆన్‌లైన్‌లోనే పడ్డాయి. ఎవరైనా ఒత్తిడి చేసి ఓటు వేయించుకుంటే? ఓటరు మళ్లీ లాగిన్ అయి ఇంకోసారి వేయొచ్చు. చివరి ఓటే లెక్కలోకి వస్తుంది. పోలింగ్ కేంద్రానికి వెళ్లి కాగితం ఓటు వేస్తే ఆన్‌లైన్ ఓటు చెల్లదు.

అలాగని అక్కడ ఇబ్బందులే లేవని కాదు. 2017లో ఐడీ కార్డుల చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. దాదాపు 7.5 లక్షల కార్డులపై ప్రభావం పడింది. ప్రభుత్వం విషయాన్ని దాచకుండా ప్రజలకు చెప్పి, ఆ కార్డుల సర్టిఫికెట్లను నిలిపేసి అప్‌డేట్ చేయించింది. లోపం ఎక్కడైనా వస్తుంది, వచ్చాక ఏం చేశారన్నదే లెక్క అని చెప్పడానికి ఈ ఘటన మంచి ఉదాహరణ.

ఆన్‌లైన్ ఓటు.. జర్మనీ ఎందుకు వద్దంది?

ఎస్టోనియా ఒకవైపు ఉంటే, జర్మనీ పూర్తిగా ఇంకోవైపు ఉంది. 2009 మార్చి 3న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం.. అంతకుముందు ఎన్నికల్లో వాడిన ఓటింగ్ మెషీన్ల వాడకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. కారణం హ్యాకింగ్ కాదు. ఓట్ల లెక్కింపు సరిగ్గా జరిగిందో లేదో ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకోగలగాలి అన్నది కోర్టు చెప్పిన సూత్రం.

మన దగ్గరా ఓ ప్రయోగం జరిగింది. 2021 అక్టోబర్‌లో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌కు ట్రయల్ నిర్వహించింది. అది నమూనా పోలింగ్ మాత్రమే. పెద్దవాళ్లు, అనారోగ్యంతో ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటేసే వీలు కల్పించాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, మరి ఇంట్లో నలుగురి మధ్య ఫోన్ పట్టుకుని వేసే ఓటు రహస్యంగా ఉంటుందా? ఇలాంటి ప్రశ్నలకు అవును, కాదు అని కాకుండా ఆధారాలతో జవాబు వెతకడమే ఈ చదువు.

మన చట్టాలు ఏం చెప్తున్నాయి?

విద్యార్థి ఇండియాలో పనిచేయాలనుకుంటే కొన్ని మైలురాళ్లు తప్పకుండా తెలియాలి.

- 2005: సమాచార హక్కు చట్టం.
- 2017 ఆగస్టు 24: గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవ తీర్పు. పుట్టస్వామి కేసుగా ఇది ప్రసిద్ధి.
- 2018 సెప్టెంబర్ 26: సంక్షేమ పథకాలకు ఆధార్ వాడకాన్ని 4-1 మెజారిటీతో కోర్టు సమర్థించింది. ప్రైవేటు కంపెనీలు అడిగే వీలు కల్పించిన 57వ సెక్షన్‌లోని భాగాన్ని కొట్టేసింది.
- 2023 ఆగస్టు: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఉల్లంఘనకు రూ.250 కోట్ల వరకు జరిమానా.

ఈ 2023 చట్టంలో రెండు విషయాల మీద చర్చ నడుస్తోంది. ఒకటి.. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. రెండోది.. ఇది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. వ్యక్తిగత సమాచారం అనే కారణంతో అధికారులు వివరాలు నిరాకరించడం తేలికవుతుందని ఆర్టీఐ కార్యకర్తల ఆందోళన.

ఇంకో తేడా కూడా గమనించాలి. పూర్తిగా మెషీన్ తీసుకున్న నిర్ణయానికి కట్టుబడక్కర్లేదనే హక్కు యూరప్ డేటా చట్టం 22వ ఆర్టికల్‌లో ఉంది. దానికీ కొన్ని మినహాయింపులున్నాయి. మన చట్టంలో అలాంటి హక్కు ప్రత్యేకంగా లేదు. సమగ్ర వేదిక లాంటి కేసుల్లో ఈ లోటు ఎంత పెద్దదో ఇట్టే తెలుస్తుంది.

సిలబస్‌లో ఏముంటుంది?

యూనివర్సిటీని బట్టి పేర్లు మారతాయి గానీ సారం దాదాపు ఒకటే.

- ప్రజాస్వామ్య సిద్ధాంతాలు, ఎన్నికల వ్యవస్థలు
- పరిపాలనా చట్టం, డేటా రక్షణ చట్టం
- గణాంకాలు, ఇంటర్వ్యూలు, సర్వేలు లాంటి పరిశోధన పద్ధతులు
- డిజిటల్ ఐడీ, డేటా మార్పిడి, సైబర్ భద్రత బేసిక్స్
- ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ కొనే తీరు, టెండర్లు, కాంట్రాక్టులు
- ఫేక్ న్యూస్, సోషల్ మీడియా ప్రభావం
- చివర్లో థీసిస్

ఇందులో టెండర్లు, కాంట్రాక్టుల పాఠాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి అసలు గుట్టు అక్కడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే కంపెనీ బాధ్యత ఎంత, సోర్స్ కోడ్ ఎవరిది, తప్పుల రేటు ఎవరు కొలవాలి.. ఇవన్నీ కాంట్రాక్టులో రాసుకున్నప్పుడే తేలతాయి. రాసుకోకపోతే తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

ఎక్కడ చదవొచ్చు?

ఎస్టోనియా: టార్టు యూనివర్సిటీలో ఈ రంగానికి సంబంధించిన ఎంఏ ఉంది. 1632లో పుట్టిన విశ్వవిద్యాలయం ఇది. రాజధాని టాలిన్‌లోని టాల్‌టెక్‌లో 'టెక్నాలజీ గవర్నెన్స్ అండ్ డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్' కోర్సు ఉంది.

మూడు దేశాల కోర్సు: 'పయనీర్' అనే ఎరాస్మస్ ముండస్ ప్రోగ్రామ్‌ను బెల్జియంలోని కేయూ లూవెన్, జర్మనీలోని మున్‌స్టర్, ఎస్టోనియాలోని టాల్‌టెక్ కలిసి నడుపుతున్నాయి. రెండేళ్ల కోర్సు. ఎరాస్మస్ స్కాలర్‌షిప్‌కు పోటీ గట్టిగా ఉంటుంది.

జర్మనీ, బ్రిటన్: బెర్లిన్‌లోని హెర్టీ స్కూల్‌లో పబ్లిక్ పాలసీ కోసం డేటా సైన్స్ పీజీ ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్నెట్‌ను సామాజిక శాస్త్ర కోణంలో చదివే ఎంఎస్సీ ఉంది.

ఇండియా: బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 'డిజిటల్ సొసైటీ' ఎంఎస్సీ ఉంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో పబ్లిక్ పాలసీ పీజీ, హైదరాబాద్‌లో గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఉన్నాయి. పాలసీ కోర్సులో చేరి, డిజిటల్ గవర్నెన్స్ మీద థీసిస్ చేయడం కూడా మంచి దారే.

అప్లై చేసేముందు ఇవి చూసుకోండి

- మూడేళ్ల డిగ్రీని అన్ని యూనివర్సిటీలు ఒకేలా చూడవు. ముందే అడ్మిషన్స్ విభాగానికి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.
- జర్మనీ వెళ్లాలంటే భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. దీనికి టైమ్ పడుతుంది, ముందుగా మొదలుపెట్టాలి.
- మార్కుల కంటే 'మోటివేషన్ లెటర్' మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. సొంతంగా చూసిన ఒక సమస్యను, అందులో తేలని ఒక ప్రశ్నను స్పష్టంగా రాయండి.
- ఫీజులు, గడువులు ఏటా మారతాయి. కన్సల్టెన్సీ మాట మీద కాకుండా యూనివర్సిటీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

చదివాక ఉద్యోగం ఏంటి?

సాఫ్ట్‌వేర్ జాబ్‌లా క్యాంపస్ నుంచి నేరుగా పెద్ద ప్యాకేజీ అనుకుంటే నిరాశ తప్పదు. అవకాశాలు మాత్రం రకరకాలుగా ఉన్నాయి. ప్రభుత్వాలకు సలహాలిచ్చే సంస్థలు ఒకటి. హైదరాబాద్‌లోనే 2002 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్ ఉంది. కంపెనీల్లో డేటా రక్షణ విభాగాలు ఇంకొకటి. ముఖ్యమైన డేటా సంస్థలుగా గుర్తించిన కంపెనీలు ఇండియాలో ఉండే డేటా రక్షణ అధికారిని పెట్టుకోవాలని 2023 చట్టం చెప్తోంది. పరిశోధన, జర్నలిజం, పౌర హక్కుల సంస్థలు, న్యాయ సేవలు ఎలాగూ ఉన్నాయి.

తెలుగు విద్యార్థికి ఉన్న బలం ఇదే

మీ సేవ కేంద్రం ముందు గంటలు గడిపినవాళ్లకు, తాతయ్య వేలిముద్ర పడక పింఛను ఆగిన రోజు చూసినవాళ్లకు ఈ సబ్జెక్ట్ పుస్తకం తెరవకముందే సగం తెలుసు. పైగా తెలుగు నేల ఇందులో ప్రపంచానికి చూపించిన మంచి ఉదాహరణ కూడా ఒకటుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే పెట్టారు. పద్ధతి చాలా సింపుల్. కంప్యూటర్‌లో ఉన్న మస్టర్ రికార్డును ప్రింట్ తీసి ఇంటింటికీ తీసుకెళ్లి సరిచూస్తారు. తర్వాత జనం ముందు గట్టిగా చదువుతారు. "ఫలానా మనిషి ఇన్ని రోజులు పని చేసినట్టు, ఇంత డబ్బు తీసుకున్నట్టు ఉంది.. నిజమేనా?" అని అడుగుతారు. ఆ మనిషి లేచి నిలబడి అవుననో, కాదనో చెప్తాడు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి రాసుకుంటే అక్కడే దొరికిపోతుంది.

చదువు రాని కూలీ కూడా సర్వర్‌లోని లెక్కను తప్పు అని చెప్పగలిగాడు. చెప్పిన మాటను అధికారి రాసుకుని, చర్య తీసుకోవాల్సి వచ్చింది. రేషన్ కార్డులు రద్దు చేసేటప్పుడు లేనిది సరిగ్గా ఇదే. కార్డు కొట్టేసేముందు ఆ జాబితాను గ్రామసభలో ఒక్కసారి చదివి ఉంటే, కారు ఎవరికుందో ఎవరికి లేదో ఊరే చెప్పేది.